కాంటా ఎవరి చేతిలో ఉండాలి?

అంగడిలో కాంటా ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే. ఈ సంగతి మన పెద్దలకు ఏ బడిలోనూ చెప్పలేదు. ఇప్పపువ్వు, సారపప్పు, బంక మోసుకుపోయి అమ్ముకున్న ప్రతి ఇంటికీ అది అనుభవమే. తునికాకు కల్లంలో కట్టకు 50 ఆకులని లెక్క. ఆకు తెంపేది, కట్ట కట్టేది మనం. లెక్క రాసేది మాత్రం కల్లేదారు. మెట్‌పల్లిలో పసుపు రైతును అడిగినా తరుగు బాధ చెప్తాడు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టడానికి ఉన్న కారణాల్లో దళారుల దొంగ తూకాలు కూడా ఒకటి.

అయినా అంగడి మోసంలో ఒక మేలు ఉంది. సరుకు కంటికి కనిపిస్తుంది. మూట బరువు భుజానికి తెలుస్తుంది. కాంటా తక్కువ చూపిస్తే మనసులో అనుమానం పుడుతుంది. రేడియేషన్ అట్లా కాదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. వాగు నీళ్లు తాగి మంచివో కావో చెప్పగలిగిన ముసలమ్మ తెలివి గానీ, మట్టి చూసి పంట చెప్పగలిగిన రైతు తెలివి గానీ దాని ముందు పనిచేయవు. మిషన్ చెప్పాలి. మిషన్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు చెప్పాలి.

అందుకే ఈ ప్రశ్న. అణు విద్యుత్ కేంద్రం పక్కన బతికే మనుషులకు, తమ గాలిని, నీళ్లను, మట్టిని తామే కొలుచుకునే హక్కు ఉందా? ఉంటే, ఆ హక్కుతో పాటు వచ్చే బాధ్యతలు ఏమిటి?

మనకెందుకు ఈ మాట

తెలంగాణలో అణు విద్యుత్ కేంద్రం లేదు కదా, మనకెందుకు అని మీరు అడగవచ్చు. విద్యుత్ కేంద్రం లేదు గానీ దాని వేర్లు మన దగ్గర ఉన్నాయి. గోదావరి ఒడ్డున, మణుగూరు దగ్గర అశ్వాపురం మండలంలో భారజల కర్మాగారం 1991 నుంచి నడుస్తోంది. అక్కడ అణువులు పగలవు. అక్కడి పెద్ద ప్రమాదం రేడియేషన్ కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. కానీ ఆ భారజలం పోయేది రియాక్టర్లకే. ఆ రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది హైదరాబాద్‌లోని అణు ఇంధన సంస్థలో. యురేనియం కోసం నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు వేస్తామన్నప్పుడు చెంచులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడ్డం నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఇంకొక కారణం రక్త సంబంధం. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో, నర్మద ఒడ్డున చుట్కా అనే ఊరుంది. అక్కడివాళ్లలో ఎక్కువమంది గోండులు. కెరమెరిలో, ఉట్నూరులో ఉన్న గోండులకు వాళ్లు ఒకే జాతి బంధువులు. బర్గీ డ్యాం కింద 162 ఊళ్లు దెబ్బతిన్నప్పుడు వాళ్లు ఒకసారి లేచిపోయారు. ఇప్పుడు 700 మెగావాట్ల చొప్పున రెండు రియాక్టర్ల కోసం మళ్లీ లేవమంటున్నారు. అక్కడి గ్రామసభలు వద్దని తీర్మానాలు రాశాయి. వాళ్ల ప్రశ్న మన ప్రశ్న కాదని నేను అనుకోలేను.

తెలిసినవాళ్లకు వదిలేయాలా?

ఎదుటి వాదాన్ని ముందు సరిగ్గా వినాలి. మన దేశంలో ప్రతి అణు విద్యుత్ కేంద్రం దగ్గరా పర్యావరణ సర్వే ప్రయోగశాల ఉంటుంది. బాబా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు నీళ్లు, పాలు, చేపలు, కూరగాయలు, మట్టి తెచ్చి పరీక్షిస్తారు. పైన చూడటానికి 1983లో పెట్టిన అణుశక్తి నియంత్రణ మండలి ఉంది. కేంద్రం వల్ల సాధారణ ప్రజలకు అదనంగా అందే రేడియేషన్ ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది నియమం. మన చుట్టూ ఉన్న రాళ్లు, గాలి, ఆకాశం నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి ఎట్లాగూ 2.4 మిల్లీసీవర్ట్ దాకా అందుతుంది. ఇన్ని చదువులు చదివినవాళ్లు కొలుస్తుంటే, పదో తరగతి చదివిన పిల్లవాడు చేతిలో చిన్న మిషన్ పట్టుకుని ఏం కనిపెడతాడు? జ్వరం వస్తే డాక్టర్ మాట వింటాం కదా?

ఈ వాదంలో సగం నిజం ఉంది. శాస్త్రం చదవనిదే రాదు. కానీ డాక్టర్ పోలిక పూర్తిగా అతకదు. డాక్టర్ దగ్గరికి మన కాళ్లతో మనం పోతాం. నమ్మకం లేకపోతే ఇంకొక డాక్టర్ దగ్గరికి పోతాం. రియాక్టర్ పక్కన ఊరికి ఇంకొక డాక్టర్ లేడు. కేంద్రాన్ని నడిపేది, ప్రయోగశాలను నడిపేది ఒకే అణుశక్తి శాఖ నీడలో ఉన్న సంస్థలు. నియంత్రణ మండలికి తగినంత స్వతంత్రత లేదని 2012లో స్వయంగా కాగ్ నివేదికే తప్పుపట్టింది. 1962 నాటి అణుశక్తి చట్టం 18వ సెక్షన్ సమాచారాన్ని బయటికి రాకుండా ఆపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు అబద్ధం చెప్తారని నేను అనడం లేదు. సరుకు కొనేవాడే కాంటా కూడా పట్టుకుంటే, అతను ఎంత ధర్మాత్ముడైనా, అమ్మేవాడికి సరిచూసుకునే దారి ఉండాలి. అది అతని మీద నింద కాదు, అంగడి న్యాయం.

ఇంకొక విషయం. తెలివి ఒక్కటే సరిపోదు, అక్కడ ఉండటం కూడా కావాలి. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1967 నుంచి యురేనియం గని నడుస్తోంది. చుట్టూ సంతాల్, హో ఆదివాసుల ఊళ్లు. 2006 డిసెంబరు 24న డుంగ్రీడీహ్ దగ్గర గని వ్యర్థాలు మోసే పైపు పగిలి, బురద గంటల తరబడి వాగులో కలిసింది. దాన్ని ముందుగా చూసి కంపెనీకి చెప్పింది ఊరివాళ్లు. పైపు పగిలితే మోగే గంట కంపెనీ దగ్గర లేదు. ప్రయోగశాల నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి వచ్చి నీళ్లు పట్టుకుపోతుంది. వాగు పక్కన ఉండేవాళ్లు రోజూ ఆ వాగును చూస్తారు. ఈ రెండు చూపులూ కలవాలి. ఒకటి ఉంది కాబట్టి రెండోది అక్కర్లేదు అనడం సరికాదు.

కొలిచిన ఊళ్లు

ఇది ఊహ కాదు. చాలాచోట్ల జరిగింది.

అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ కేంద్రంలో 1979లో ప్రమాదం జరిగింది. మరుసటి ఏడాది లోపల నిలిచిన క్రిప్టాన్ వాయువును బయటికి వదలాల్సి వచ్చింది. అధికారుల మాట నమ్మే స్థితిలో జనం లేరు. అప్పుడు చుట్టుపక్కల 12 ఊళ్ల నుంచి దాదాపు 50 మందికి శిక్షణ ఇచ్చి, మిషన్లు వాళ్ల చేతికిచ్చారు. వాళ్లలో టీచర్లున్నారు, గృహిణులున్నారు, రిటైరైనవాళ్లున్నారు. ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయం శిక్షణ ఇచ్చాయి, కొలిచింది ఊరివాళ్లు.

చెర్నోబిల్ తర్వాత బెలారూస్‌లో వాసిలీ నెస్తెరెంకో అనే శాస్త్రవేత్త 1990లో ఒక స్వతంత్ర సంస్థ పెట్టి, వందల ఊళ్లలో కొలత కేంద్రాలు నడిపించాడు. పిల్లలు తాగే పాలు, అడవి నుంచి తెచ్చిన పుట్టగొడుగులు, పండ్లు అక్కడ పరీక్షించేవారు. అడవి తిండి మీద బతికేవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా అర్థమవుతుంది. పట్నం మనిషి తిండి నాలుగు దిక్కుల నుంచి వస్తుంది. మన తిండి ఒక్క అడవి నుంచే వస్తుంది. సగటు మనిషి లెక్క మనకు సరిపోదు.

2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం తర్వాత జపాన్‌లో సేఫ్‌కాస్ట్ అనే స్వచ్ఛంద బృందం పుట్టింది. మిషన్లు తామే తయారుచేసుకుని, కార్లకు తగిలించుకుని తిరిగారు. ఇప్పటికి 10 కోట్లకు పైగా కొలతలు అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఇవాకి పట్టణంలో తల్లులు కలిసి అదే ఏడాది నవంబరులో 'తారాచినే' అనే ప్రయోగశాల తెరిచారు. ఇంట్లో వండే బియ్యం, కూరలు అక్కడికి తెచ్చి పరీక్ష చేయించుకోవచ్చు.

మన దేశంలో రాజస్థాన్‌లోని రావత్‌భాటా రియాక్టర్ల దగ్గర 1991లో డాక్టర్ సంఘమిత్ర గడేకర్, ఆమె భర్త సురేంద్ర గడేకర్ వాలంటీర్లతో ఇంటింటి సర్వే చేశారు. కేంద్రానికి దగ్గర ఉన్న 5 ఊళ్లను, 50 కిలోమీటర్ల అవతల ఉన్న 4 ఊళ్లను పోల్చారు. దగ్గరి ఊళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువ కనిపించాయి. అణుశక్తి శాఖ ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు. ఎవరు సరి అన్నది ఒక్క సర్వేతో తేలదు. కానీ వాళ్లు చేసిన పని పద్ధతి చూడండి. దగ్గరి ఊరిని మాత్రమే చూసి కేకలు వేయలేదు. దూరపు ఊరిని కూడా చూశారు. పోల్చనిదే కొలత కాదు.

కొలత ఏం చెప్తుంది, ఏం చెప్పదు

టీచర్లు ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. గీగర్ కౌంటర్ కొంటే నిజం చేతికి వచ్చినట్టు కాదు.

మొదటి సంగతి. మెట్‌పల్లి, జగిత్యాల, కరీంనగర్ వైపు గ్రానైటు గుట్టలు. ఆదిలాబాద్, కెరమెరి వైపు చాలాచోట్ల నల్లరేగడి, దాని కింద పాత లావా రాయి. గ్రానైటులో యురేనియం, థోరియం, పొటాషియం లావా రాయిలో కంటే ఎక్కువ. కాబట్టి ఏ రియాక్టరూ లేకపోయినా మెట్‌పల్లి గుట్ట మీద మిషన్ సాధారణంగా కెరమెరి చేనులో కంటే ఎక్కువ చూపిస్తుంది. ఇది తెలియనివాడు గ్రానైటు బండను చూసి భయపడతాడు, భయపెడతాడు.

రెండో సంగతి. రేడియేషన్ వాన మొదలైనప్పుడు రేకు మీద పడే చినుకుల్లాంటిది. ఒక నిమిషం 16 చప్పుళ్లు, మరో నిమిషం 24 చప్పుళ్లు వినిపించవచ్చు. అంతమాత్రాన వాన పెరిగినట్టు కాదు. నిమిషానికి సగటున 20 వచ్చేచోట నాలుగైదు అటూ ఇటూ కావడం మామూలే. అదే 10 నిమిషాలు లెక్కపెడితే 200 దగ్గర వస్తుంది. అటూ ఇటూ అయ్యేది 14 దాకా. వందకు ఇరవై రెండుగా ఉన్న అనుమానం వందకు ఏడుకు తగ్గుతుంది. ఓపిక ఉన్నవాడికే మిషన్ నిజం చెప్తుంది.

మూడో సంగతి. ఆ మిషన్ చూడలేనివి చాలా ఉన్నాయి. భారజల రియాక్టర్ల నుంచి వచ్చే ట్రిటియం నీళ్లలో కలిసిపోతుంది. దాని కిరణం ఎంత బలహీనమంటే గీగర్ కౌంటర్ గోడ దాటి లోపలికి పోలేదు. బావి నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఆ స్థాయిని కూడా చేతి మిషన్ పట్టలేదు. దానికి ప్రయోగశాలే కావాలి. మిషన్ మామూలుగా చూపించింది కాబట్టి నీళ్లు మంచివే అని చెప్పడం, మిషన్ కూసింది కాబట్టి ఊరు చచ్చిపోతుంది అని చెప్పడం, రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. కేంద్రం రాకముందు ఎంత ఉందో తెలియకపోతే, వచ్చాక పెరిగిందో లేదో ఎవరూ నిరూపించలేరు. చుట్కా లాంటి ఊరిలో రియాక్టర్ ఇంకా నడవని ఈ కాలమే కొలతకు అసలు కాలం. పునాది రాయి కంటే ముందు కొలత పుస్తకం ఉండాలి.

తక్కువ వస్తే చెప్తామా?

ఇప్పుడు అసలు ధర్మసందేహం. ఊరు కష్టపడి ఏడాది పొడుగునా కొలిచింది అనుకోండి. అంకె తక్కువ వచ్చింది. మామూలు రాయి నుంచి వచ్చేదే తప్ప అదనం ఏమీ లేదు. అప్పుడు ఏం చేయాలి?

కొంతమంది యువకులు అంటారు: మనం పోరాటంలో ఉన్నాం, ఆ అంకె బయటపెడితే కంపెనీ దాన్ని మన మీదే వాడుకుంటుంది, మాట్లాడకుండా ఉందాం. ఈ మాటలో బాధ ఉంది. అణచివేతకు గురైనవాళ్ల చేతిలో ఉన్న ఆయుధాలు తక్కువ. అయినా నేను ఒప్పుకోను. కాంటా మన చేతికి రావాలని ఎందుకు అడిగాం? వాళ్లు తమకు నచ్చిన అంకెనే చెప్తారని. మనమూ మనకు నచ్చిన అంకెనే చెప్తే కాంటా చేతులు మారింది తప్ప న్యాయం మారలేదు. పైగా నష్టపోయేది ముందుగా మనవాళ్లే. లేని భయంతో బావి వదిలేసిన తల్లి రెండు కిలోమీటర్లు బిందె మోస్తుంది. రేపు నిజంగా అంకె పెరిగిన రోజు మన మాట ఎవరూ నమ్మరు.

మరి తక్కువ అంకె వస్తే మన వాదం ఓడిపోయినట్టేనా? కాదు. ఇక్కడే ఆలోచన తేటగా ఉండాలి. ఎంత రేడియేషన్ ఉంది అన్నది శాస్త్రం చెప్పే సంగతి. ఎంత ఉంటే సరే అన్నది శాస్త్రం ఒక్కటే చెప్పే సంగతి కాదు. 2011 ఏప్రిల్‌లో జపాన్ ప్రభుత్వం ఫుకుషిమా బడుల ఆవరణల్లో ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌ల లెక్క దాకా సరే అంది. తల్లిదండ్రులు తిరగబడ్డారు. మే నెలాఖరుకు ప్రభుత్వం దిగివచ్చి బడిలో 1 మిల్లీసీవర్ట్‌కు తగ్గించడం తన లక్ష్యం అంది. ఆ నెలన్నరలో అణువుల స్వభావం మారలేదు. పిల్లల మీద ఎంత ప్రమాదం మోపవచ్చు అనే తీర్పు మారింది. ఆ తీర్పులో తల్లి మాటకు చోటు ఉండాలి.

చుట్కాలో రేడియేషన్ సున్నా అయినా భూమి పోతుంది, నది పోతుంది, పెన్‌ల చోటు పోతుంది. కరెంటు ఎటు పోతుంది, గండం ఎవరి దగ్గర ఉంటుంది అన్న లెక్క గీగర్ కౌంటర్‌లో రాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం అంటుంది. గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం అంటుంది. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు గనికి వద్దు అన్నాయి. వాళ్లు ఏ మిషన్ చూపించలేదు. తమ కొండ తమకు ఏమిటో చెప్పారు. కాబట్టి మన న్యాయం మొత్తాన్ని ఒక్క మిషన్ మీద పెట్టకూడదు. మిషన్ నిజం చెప్పడానికి. 'వద్దు' అనే హక్కు మిషన్ కంటే ముందు నుంచీ మనది.

మనుషుల్ని కొలిచేటప్పుడు

మట్టిని, నీళ్లను కొలవడం ఒకటి, మనుషుల్ని కొలవడం ఇంకొకటి. సర్వే పేరుతో ఇంటికి పోయి, గర్భస్రావం అయిన ఆడపిల్లను నలుగురి ముందు అడగడం, అవిటి బిడ్డను వాకిట్లో నిలబెట్టి ఫొటో తీయడం సేవ కాదు. ఆ ఫొటో చూసి పట్నంలో వాళ్లు అయ్యో అంటారు. ఆ ఊరి పిల్లకు సంబంధం తప్పిపోతుంది. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డవాళ్లు పెళ్లిళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర దశాబ్దాల పాటు వెలి అనుభవించారు. కాబట్టి రోగం లెక్కలు తీసేటప్పుడు పేర్లు బయటికి రావద్దు, ఒప్పుకోలు లేనిదే అడగవద్దు, ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. ఊరికోసం సేకరించిన లెక్క ముందు ఊరికే చెప్పాలి, మన భాషలో చెప్పాలి. పత్రిక తర్వాత.

మరొక జాగ్రత్త. "మీరే కొలుచుకోండి" అని చెప్పి ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు. కూలి మానుకుని నీళ్లు పట్టేది, సొంత పైసలతో పరీక్ష చేయించేది పేదవాడు, లాభం ఇంకొకరిది అంటే అదీ వెట్టే. ఖర్చు కేంద్రం నడిపేవాళ్లది కావాలి. అదుపు గ్రామసభది కావాలి. ఒకే సీసా నీళ్లను రెండు భాగాలు చేసి, ఒకటి వాళ్ల ప్రయోగశాలకు, ఒకటి గ్రామసభ ఎంచుకున్న ప్రయోగశాలకు పంపే ఏర్పాటు ఉంటే, నమ్మకం గురించి ఉపన్యాసాలు అక్కర్లేదు.

బడి ఏం చేయగలదు

మన బడుల్లో గీగర్ కౌంటర్లు లేవు. దానికోసం ఆగనక్కర్లేదు. కొలిచే అలవాటు, రాసే అలవాటు, దాచే అలవాటు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. గూడెంలో ప్రతి బావికీ, చేతిపంపుకీ ఒక పేజీ. తేదీ, నీటి మట్టం, రంగు, రుచి, ఎవరు పట్టారు, ఎక్కడ పరీక్ష చేయించారు, ఏం వచ్చింది. వాన లెక్క కోసం ఒక సీసా, ఒక స్కేలు చాలు. తొమ్మిదో తరగతి పిల్లలు రేకు కింద నిలబడి చినుకులు నిమిషం నిమిషం లెక్కపెట్టి సగటు తీస్తే, రేడియేషన్ లెక్కలో సగం పాఠం అయిపోయినట్టే. ఒకే కొలత ఇద్దరు విడివిడిగా తీసి, తేడా వస్తే చెరిపేయకుండా రెండూ రాయడం నేర్పాలి. నచ్చని అంకెను చెరపకుండా ఉంచడం కంటే పెద్ద నీతి పాఠం నాకు తెలిసి వాచకంలో లేదు.

1940లలో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలుపెట్టినప్పుడు, అక్షరం మన చేతికి వస్తే పట్టా కాగితం మనమే చదువుకోవచ్చు అన్నది ఆశ. అంతకుముందు కాగితం వాళ్లది, వేలిముద్ర మనది. ఈ రోజు కాగితం చదువుతున్నాం. అంకెల దగ్గర మాత్రం ఇంకా వేలిముద్ర దగ్గరే ఉన్నాం. పర్యావరణ నివేదిక వందల పేజీలు ఉంటుంది. ప్రజాభిప్రాయ సేకరణ రోజు టెంటు కింద అది బల్ల మీద ఉంటుంది. దాన్ని తెరిచి, 'ఈ నీళ్లు ఎక్కడ పట్టారు, ఏ నెలలో పట్టారు, ఎన్నిసార్లు పట్టారు' అని మూడు ప్రశ్నలు అడగగలిగిన పిల్ల ప్రతి గూడెంలో ఒకతి ఉండాలి. ఆ ప్రశ్నలు అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. తన బావి పేజీ తాను రాసి ఉంటే చాలు.